జర్మన్‌లో బారెడు పొడుగు విశేషణాలు: తోక పట్టుకుని విప్పడం ఎలా

జర్మనీ వచ్చిన కొత్తలో ఒక చలికాలం సాయంత్రం జ్వరానికి పారాసెటమాల్ కొందామని మందుల షాపుకి వెళ్ళా. మనకి అలవాటే కదా, డోలో షీటు అడిగితే చేతిలో పెట్టేస్తారు, పైగా ఒకటి చాలా రెండు కావాలా అని వాళ్ళే అడుగుతారు. అదే ఊపులో పెద్ద డబ్బా ఇవ్వండి అన్నా. కౌంటర్‌లో ఆవిడ తల అడ్డంగా ఊపి ఒకే ఒక్క మాట అంది, అది ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో నాకు తెలీలేదు, మధ్యలో "బుంగ్స్" అని ఏదో వినపడింది, అంతే. ఇంటికొచ్చి వెతికితే తేలింది, ఆ మాట ఫెర్‌ష్రైబుంగ్స్‌ప్ఫ్లిష్టిష్. డాక్టర్ చీటీ ఉంటేనే ఇచ్చేది అని అర్థం. జర్మన్ స్పెల్లింగ్‌లో 23 అక్షరాలు, మధ్యలో ఒక్క ఖాళీ లేదు, మొత్తం కలిపి ఒకటే విశేషణం.

బీ1 (జర్మన్‌లో మధ్య స్థాయి) క్లాసులో ఇలాంటివి వచ్చినప్పుడు చాలామంది (నేను కూడా) చేసేది ఏంటంటే ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరం చదువుకుంటూ పోవడం, సగంలో ఊపిరి అయిపోవడం, ఇంకొకరి వైపు చూడడం. అది తప్పు దారి. ఈ పదాల్ని కుడి చివర నుంచి పట్టుకోవాలి, అర్థం కోసమైనా సరే, పలకడం కోసమైనా సరే. ఎలాగో చెప్తా.

ముందు ఒక చిన్న మాట. ఇక్కడ జర్మన్ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నా కాబట్టి కొన్ని శబ్దాలు సరిగ్గా కుదరవు. చివర "ఇష్" అని రాసిన చోట అది మన ష కాదు, నాలుక మధ్య భాగం పైకి లేపి "హి" అని గుసగుసగా అంటే వచ్చేది. "ప్ఫ్" అంటే పెదాలు మూసి ప్ అనబోయి ఫ్ లోకి వదిలేయడం. ఇంతవరకు చాలు, మిగతాది వింటూ వింటూ వస్తుంది.

సరే, అసలు సంగతి. ఇవి సమాసాలండీ. స్కూల్లో తెలుగు మాస్టారు విగ్రహవాక్యం రాయండి, సమాసం పేరు చెప్పండి అని రెండు మార్కుల ప్రశ్న ఇచ్చేవారు చూడండి, అచ్చం అదే. పూర్వపదం, ఉత్తరపదం. జర్మన్‌లో పూర్వపదాన్ని బెష్టిముంగ్స్‌వొర్ట్ అంటారు, ఉత్తరపదాన్ని గ్రుంట్‌వొర్ట్ అంటారు. పెత్తనం ఎప్పుడూ ఉత్తరపదానిదే. చివరి ముక్క విశేషణం అయితే పదం మొత్తం విశేషణం, చివరి ముక్క నామవాచకం అయితే పదం మొత్తం నామవాచకం, ముందు ఎన్ని బోగీలు తగిలించినా ఇదే లెక్క. కాబట్టి మనవాళ్ళు ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకునే బదులు ఈ ఒక్క విషయంలో తెలుగు మీదుగా వెళ్తే బోలెడు టైం కలిసొస్తుంది అని నా గట్టి నమ్మకం.

కాగితం మీద గుర్తుపట్టడానికి ఒక సులువు ఉంది. జర్మన్‌లో నామవాచకాలన్నీ పెద్దక్షరంతో మొదలవుతాయి. పర్యావరణం అనే మాట ఉమ్‌వెల్ట్, పెద్ద యు తో రాస్తారు. కానీ ఉమ్‌వెల్ట్‌ఫ్రోయింట్‌లిష్ (పర్యావరణానికి హాని చెయ్యని) అని విశేషణం అయ్యేసరికి అదే యు చిన్నదైపోతుంది, ఎందుకంటే తోకలో ఉన్న ఫ్రోయింట్‌లిష్ విశేషణం కదా, ఇంటి పెద్ద మారాడు, ఇంటి పేరు మారింది. వాక్యం మధ్యలో ఒక పొడుగు పదం చిన్నక్షరంతో మొదలైతే, చివర విశేషణమో కాదో చూడండి, చాలావరకు అదే.

ఇప్పుడు తోకలు. ఇవి ఒక ఇరవై ముప్పై వస్తే రోజువారీ పదాలు చాలావరకు దారికొస్తాయి. ప్ఫ్లిష్టిష్ అంటే తప్పనిసరి, ఏదో ఒకటి ఉండి తీరాలి అని. ఫ్రై అంటే రహితం: త్సుకర్‌ఫ్రై చక్కెర లేనిది, ఆల్కొహోల్‌ఫ్రై మద్యరహితం. లోస్ అన్నా లేనిదే, కానీ కాస్త వేరే రుచి. ఆర్మ్ అంటే తక్కువ ఉన్నది, రైష్ అంటే ఎక్కువ ఉన్నది. సూపర్‌మార్కెట్‌లో పాల డబ్బా మీద ఫెట్‌ఆర్మ్ అని ఉంటే వెన్న తక్కువ, సుమారు ఒకటిన్నర శాతం, మన కాఫీకి అది పనికిరాదు, 3.5 శాతం ఉన్నది తీసుకోండి. ఫేయిష్ అంటే చేయగల శక్తి ఉన్న, బెరైట్ అంటే సిద్ధంగా ఉన్న, వేర్ట్ అంటే తగిన (జేయెన్స్‌వేర్ట్ అంటే చూడదగిన), బెడ్యూర్ఫ్టిష్ అంటే అవసరం ఉన్న. నర్సింగ్ వైపు వచ్చేవాళ్ళకి ప్ఫ్లేగెబెడ్యూర్ఫ్టిష్ అనే మాట రోజూ తగులుతుంది, ఒకళ్ళు చూసుకోవాల్సిన స్థితిలో ఉన్న మనిషి అని.

తోక ఒకటే ఉంచి తల మారిస్తే ఎంత తేడా వస్తుందో మళ్ళీ మందుల షాపులోనే చూడొచ్చు. ఆపొటేకె అంటే మందుల షాపు. ఆపొటేకెన్‌ప్ఫ్లిష్టిష్ అంటే మందుల షాపులోనే అమ్మాలి, సూపర్‌మార్కెట్‌లో దొరకదు, కానీ డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఫెర్‌ష్రైబుంగ్స్‌ప్ఫ్లిష్టిష్ అంటే చీటీ కావాల్సిందే. పారాసెటమాల్ మాత్రలు ప్యాకెట్టు మొత్తం 10 గ్రాముల దాకా, అంటే 500 మిల్లీగ్రాములవి 20 మాత్రల దాకా అయితే మొదటి రకం, ఆ పైన 2009 నుంచి రెండో రకం. నేను అడిగిన పెద్ద డబ్బా ఇవ్వకపోవడానికి కారణం అదీ. ఆవిడ తప్పేం లేదు పాపం.

లోస్‌కీ ఫ్రైకీ తేడా అన్నా కదా, అది నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా. ఒక రోజు సెలవు పెట్టుకుని, ఫోన్ చేసిన కొలీగ్‌కి ఇవాళ నేను ఆర్బైట్స్‌లోస్ అన్నా. అటువైపు కాసేపు నిశ్శబ్దం, తర్వాత చాలా జాలిగా ఏమైంది అని అడిగాడు. ఆర్బైట్స్‌లోస్ అంటే ఉద్యోగం పోయినవాడు. ఆర్బైట్స్‌ఫ్రై అంటే పని లేని రోజు, సెలవు రోజు, అది కూడా రోజుకి వాడేదే గానీ మనిషికి కాదు. లోస్ వచ్చిందంటే చాలాసార్లు ఉండాల్సింది లేదు అనే వెలితి ఉంటుంది, ఫ్రై వచ్చిందంటే పీడా పోయింది అనే సుఖం ఉంటుంది. ఇది వంద శాతం పనిచేసే సూత్రం కాదు, డబ్బులక్కర్లేదు అనడానికి కొస్టెన్‌లోస్, కొస్టెన్‌ఫ్రై రెండూ వాడేస్తారు, అయినా మొదటి అంచనాకి బానే పనికొస్తుంది.

తోక దొరికింది, ఇప్పుడు అతుకు వెతకాలి. రెండు పదాలు కలిసే చోట జర్మన్లు తరచూ ఒక జిగురు పెడతారు, ఎక్కువగా ఎస్, కొన్నిచోట్ల ఎన్ లేదా ఇ-ఎన్, అరుదుగా ఇ-ఆర్, ఇ-ఎస్. దీన్ని ఫూగె అంటారు, ఇటుకలకీ ఇటుకలకీ మధ్య సందుకి కూడా అదే మాట. ఈ ఎస్ మనకి దొరికిన తాళంచెవి. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, టేట్, త్సియోన్ అనే ముగింపులు ఉన్న నామవాచకం సమాసంలో ముందుకొస్తే దాని వెనక ఎస్ వచ్చి తీరుతుంది అనుకోవచ్చు. అంటే పొడుగు పదంలో "ఉంగ్స్" కనపడిందా, గీత గీసేయండి, అక్కడ ఒక పదం అయిపోయింది. ఫెర్‌ష్రైబుంగ్స్ / ప్ఫ్లిష్టిష్. ఫెర్‌ఆంట్‌వొర్టుంగ్స్ / బెవుస్ట్, బాధ్యత తెలిసిన. గెవోనుంగ్స్ / బెడ్యూర్ఫ్టిష్, అలవాటు పడితే గానీ నచ్చనిది. ఈ ఆఖరిది నాకు చాలా ఇష్టమైన పదం, ఇక్కడి పుల్ల రొట్టె తిన్న మొదటి వారంలో మన మొహం మీద ఉండేది ఇదే.

ఈ ఎస్‌ని చాలామంది "యొక్క" అనే ఎస్ అనుకుంటారు, అన్నిసార్లూ కాదు. ఆర్బైట్ అనే మాట స్త్రీలింగం, దానికి షష్ఠిలో ఎస్ రాదు, అయినా ఆర్బైట్స్‌లోస్‌లో ఎస్ ఉంది. కాబట్టి అర్థం వెతక్కండి, అది జిగురు అంతే. ఎక్కడ పెట్టాలో ఎక్కడ అక్కర్లేదో జర్మన్లకే ఏకాభిప్రాయం లేని చోట్లు ఉన్నాయి. ఇన్‌కమ్ ట్యాక్స్‌ని చట్టంలో జిగురు ఎస్ లేకుండా ఐన్‌కొమెన్‌ష్టొయర్ అని రాస్తారు, జనం మధ్యలో ఇంకో ఎస్ పెట్టి రాస్తూనే ఉంటారు.

ఇక విగ్రహవాక్యం. ఇది మాత్రం తీరిగ్గా చెయ్యాల్సిన పని, ఎందుకంటే రెండు ముక్కలూ తెలిసినా వాటి మధ్య సంబంధం పైకి కనపడదు, విభక్తి లోపించింది కదా. వెల్ట్‌బెర్యూమ్ట్: ప్రపంచమందు ప్రసిద్ధమైన, సప్తమీ తత్పురుష, మన విశ్వవిఖ్యాత. కొంప్యూటర్‌గెష్ట్యుట్స్ట్: కంప్యూటర్ చేత ఆసరా పొందిన, తృతీయ. జేక్రాంక్: సముద్రం వలన ఒంట్లో బాగోలేని, పంచమి, ఓడెక్కితే కడుపులో తిప్పుతుందే అది. ష్నేవైస్: మంచు వంటి తెల్లని. కలువకన్నులు గుర్తుందా, ఉపమాన పూర్వపద కర్మధారయం, ఆ లెక్క. నాస్‌కాల్ట్: తడి, చలి రెండూ ఉన్న, నవంబర్ నెల మొత్తానికి సరిపోయే ద్వంద్వం. ఫీర్‌బైనిష్: నాలుగు కాళ్ళు కలది, బహువ్రీహి. బ్లౌఓయ్‌గిష్ కూడా బహువ్రీహే, నీలి కళ్ళు కలవాడు, కానీ ఎవరినైనా అలా అంటే అమాయకుడు, లోకం తెలీనివాడు అని కూడా వస్తుంది, జాగ్రత్త.

విగ్రహవాక్యం ఎందుకు రాయాలి, ముక్కల అర్థాలు కలిపేసుకుంటే చాలదా అంటే, ఫెస్ట్ అనే తోక చూడండి. ఫెస్ట్ అంటే గట్టిది. ఫొయర్‌ఫెస్ట్ అంటే నిప్పుకి తట్టుకునేది. వెటర్‌ఫెస్ట్ అంటే ఎండా వానా తట్టుకునేది. ట్రింక్‌ఫెస్ట్ అంటే ఎంత తాగినా తూలనివాడు. బీబెల్‌ఫెస్ట్ అంటే? బైబిల్‌ని తట్టుకునేవాడు కాదు, బైబిల్ కంఠతా వచ్చినవాడు. జిషర్ అనే తోక కూడా ఇంతే. కూగెల్‌జిషర్ అంటే తూటా నుంచి రక్షణ ఇచ్చేది, బుల్లెట్‌ప్రూఫ్. ఆ లెక్కన కిండర్‌జిషర్ అంటే పిల్లలు తెరవలేని మూత, పిల్లల చేతికి అందని ఏర్పాటు. పిల్లల కోసమే పెట్టినా పదం మాత్రం పిల్లలకి అడ్డంగా నిలబడుతుంది. కిండర్‌లీప్ అంటే పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి, కిండర్‌ఫ్రోయింట్‌లిష్ అంటే పిల్లలతో వెళ్ళడానికి అనువైన హోటలో పార్కో. కిండర్‌లైష్ట్ అంటే పిల్లాడు కూడా చేసేంత సులువు. నాలుగూ కిండర్‌తోనే మొదలు, నాలుగు సంబంధాలు.

ఇప్పటిదాకా చేసింది పదాల విడదీత. ఇకనుంచి సిలబుల్స్ విడదీత, జర్మన్‌లో జిల్బెన్‌ట్రెన్నుంగ్ అంటారు. ఈ రెండూ ఒకటి కాదు, ఇక్కడే క్లాసులో అందరూ తికమకపడేది. పద నిర్మాణం ప్రకారం ష్రైప్ (రాయడం) అనే ధాతువుకి ఉంగ్ అనే ప్రత్యయం కలిసింది. కానీ సిలబుల్ విరుపు ష్రై-బుంగ్ అని వస్తుంది, ఎందుకంటే ప్రత్యయం అచ్చుతో మొదలైతే ముందున్న హల్లుని లాక్కుంటుంది. ప్ఫ్లిష్ట్‌కి ఇష్ కలిస్తే ప్ఫ్లిష్-టిష్ అవుతుంది. అదే ప్రత్యయం హల్లుతో మొదలైతే (లిష్, లోస్, బార్, హాఫ్ట్) ఎవరి హల్లు వాళ్ళదే, ఫ్రోయింట్-లిష్. పెద్ద అతుకు దగ్గర మాత్రం, అంటే రెండు పూర్తి పదాలు కలిసిన చోట, ఎప్పుడూ అతుకు దగ్గరే విరగాలి, జిగురు ఎస్ ఎడమవైపే ఉండిపోవాలి. అన్నీ కలిపితే: ఫెర్-ష్రై-బుంగ్స్-ప్ఫ్లిష్-టిష్, అయిదు. ఫెర్-ఆంట్-వొర్-టుంగ్స్-బె-వుస్ట్, ఆరు. గె-వో-నుంగ్స్-బె-డ్యూర్ఫ్-టిష్, ఆరు.

మామూలు పదం లోపల సూత్రం చిన్నదే: రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లు ఉంటే అది తర్వాతి సిలబుల్‌కి, ఎక్కువ ఉంటే ఆఖరిది మాత్రమే తర్వాతి దానికి. రెండు మూడు అక్షరాలు కలిసి ఒకే శబ్దం ఇచ్చేవి (సి-హెచ్, ఎస్-సి-హెచ్, సి-కె లాంటివి) విడదీయకూడదు. పాత పుస్తకాలు చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక, 1996లో స్పెల్లింగ్ సంస్కరణ వచ్చింది, 1998 ఆగస్టు 1 నుంచి అమలైంది, 2006లో మళ్ళీ సవరించారు. అంతకుముందు చక్కెర అనే మాట లైను చివర విరిస్తే సి-కె కాస్తా కె-కె అయిపోయి త్సుక్-కర్ అని రాసేవారు, ఇప్పుడు త్సు-కర్, సి-కె మొత్తం కింది లైనుకి పోతుంది. ఎస్-టి జంటని అసలు విడదీయకూడదని, విడదీస్తే దానికి నొప్పెడుతుందని పాత తరం పిల్లలకి ఒక ప్రాసపాటలా నేర్పించేవారు, ఇప్పుడు దానికి నొప్పి లేదు, లైస్-టుంగ్ అని విరవొచ్చు. పెద్ద వయసు జర్మన్లు ఇప్పటికీ పాత పద్ధతిలో రాస్తే మీరు పోయి దిద్దకండి.

ఛందస్సులో గణాలు విడదీసిన చెయ్యి అయితే ఇదంతా ఆటలా ఉంటుంది గానీ, ఒక చిక్కుంది. తెలుగు అజంత భాష, మన నోరు ప్రతి అక్షరాన్నీ అచ్చుతో ముగించాలని చూస్తుంది. బస్సు, కారు, రోడ్డు చేసుకున్నాం కదా, అలాగే వెల్ట్‌ని వెల్టు, బుంగ్స్‌ప్ఫ్లిష్‌ని "బుంగుసుపిఫిలిషు" చేసేస్తాం. అయిదు సిలబుల్స్ పదం పది అవుతుంది, వినేవాడికి ఒక్కటీ దొరకదు. మందు ఏంటంటే బుంగ్స్ దగ్గర ఆగిపోవడం. నిజంగా ఆగండి, అర సెకను. తర్వాత ప్ఫ్లిష్ అనేది కొత్త పదంలా మొదలుపెట్టండి. హల్లుల గుట్ట అంతా ఒకేసారి ఎత్తక్కర్లేదు, అతుకు మధ్యలోనే ఉంది కాబట్టి సగం ఇటు, సగం అటు. ఒక వారం అలా ఆగి ఆగి పలికితే తర్వాత విరామం దానంతట అదే కుదించుకుపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఇంకో అలవాటు కూడా మనకుంది, సంధి. రెండో పదం అచ్చుతో మొదలైతే మనం ఊరుకోలేం, కలిపేస్తాం. జర్మన్‌లో ఆ పని చెయ్యకూడదు. ఆర్బైట్స్‌ఉన్‌ఫేయిష్ అనే మాట చూడండి, ఒంట్లో బాగోక పనికి వెళ్ళలేని స్థితి, సిక్ లీవ్ కాగితం మీద ఉండేది. మనవాళ్ళు "ఆర్బైట్సున్‌ఫేయిష్" అంటారు. జర్మన్ గొంతు ఆర్బైట్స్ దగ్గర చిన్నగా మూసుకుని మళ్ళీ తెరుచుకుని ఉన్ అంటుంది, ఆ చిన్న తెగింపుని క్నాక్‌లౌట్ అంటారు. ఆర్-బైట్స్-ఉన్-ఫే-యిష్. నిర్మాణం కూడా అక్కడే ఉంది: ముందు ఉన్ వెళ్ళి ఫేయిష్‌కి అంటుకుని "చేతకాని" అయింది, ఆ తర్వాత ఆర్బైట్స్ వచ్చి తగిలింది. తెగింపు తప్పితే నిర్మాణం కూడా వినపడకుండా పోతుంది.

సిలబుల్ ఎక్కడ తెగుతుందో తెలిస్తే ఉచ్చారణ ఉచితంగా వస్తుంది, అందుకే ఇంత గొడవ పడుతున్నాం. సిలబుల్ చివర పడ్డ బి, డి, జి లు ప్, ట్, క్ అయిపోతాయి. రంగు అనే మాటలో బి ఉంది, ఫార్-బె, బి తర్వాతి సిలబుల్ మొదట్లో ఉంది కాబట్టి బె అనే పలుకుతారు. రంగులేని అనే మాటలో అదే బి చివర పడింది, ఫార్ప్-లోస్. ఫ్రోయింట్‌లిష్‌లో రాసేది డి, పలికేది ట్. అలాగే ఎస్-టి, ఎస్-పి లు పదం ముక్క మొదట్లో ఉంటే ష్ట్, ష్ప్, మధ్యలో ఉంటే స్ట్, స్ప్. దీనికి నాకు తెలిసిన చక్కటి ఉదాహరణ లైస్టుంగ్స్‌ష్టార్క్, మంచి పనితనం ఉన్న, కంప్యూటర్ ప్రకటనల్లో ఉంటుంది. ఒకే పదంలో రెండుసార్లు ఎస్-టి, మొదటిది ధాతువు మధ్యలో కాబట్టి లైస్-టుంగ్స్, రెండోది ష్టార్క్ అనే కొత్త ముక్క మొదట్లో కాబట్టి ష్ట్. అతుకు దగ్గర రెండు ఎస్‌లు పక్కపక్కన ఉంటాయి, ఒకటి జిగురు, ఒకటి ష్టార్క్‌ది.

తప్పు చోట విరిస్తే ఏమవుతుందో చెప్పే జోకులు జర్మన్ పిల్లలందరికీ తెలుసు. పూలకుండీలో పోసే మట్టిని బ్లూమెన్‌టొప్ఫ్-ఏర్డె అంటారు, దాన్ని బ్లూమెంటో-ప్ఫేర్డె అని విరిస్తే బ్లూమెంటో అనే ఊరి గుర్రాలు అన్నట్టు ఉంటుంది. ఆదిమ ప్రవృత్తి అనే మాట ఊర్-ఇన్‌స్టింక్ట్, దాన్ని ఉరీన్-ష్టింక్ట్ అని విరిస్తే మూత్రం కంపు కొడుతోంది అని. విశేషణాల్లో కూడా ఒకటుంది, ఏర్ప్-లిష్ అంటే వంశపారంపర్యమైన, అదే స్పెల్లింగ్‌ని ఎర్-బ్లిష్ అని విరిస్తే మొహం పాలిపోయింది అనే క్రియ. డాక్టర్ దగ్గర జబ్బు గురించి మాట్లాడేటప్పుడు మొదటిదే కావాలి.

ఊనిక సంగతి. సమాసంలో బరువు మొదటి ముక్క మీద పడుతుంది, ఆ ముక్క విడిగా ఉన్నప్పుడు ఏ సిలబుల్ మీద బరువు ఉంటుందో అక్కడే. ఫెర్, బె, గె, ఎంట్ లాంటి ఉపసర్గల మీద ఎప్పుడూ పడదు. కాబట్టి ఫెర్‌ష్రైబుంగ్స్‌లో ష్రై మీద, గెవోనుంగ్స్‌లో వో మీద, ఫెర్‌ఆంట్‌వొర్టుంగ్స్‌లో ఆంట్ మీద. మిగతావన్నీ తేలిగ్గా వెళ్ళిపోవాలి, మనం తెలుగులో లాగా ప్రతి సిలబుల్‌కీ సమానంగా దెబ్బ వేస్తే వినేవాళ్ళకి రైలు పట్టాల మీద పోతున్నట్టు ఉంటుంది. ఒక మినహాయింపు, "బాగా, విపరీతంగా" అనే అర్థం ఇచ్చే సమాసాల్లో రెండు ముక్కల మీదా బరువు పడుతుంది. ష్టైన్ అంటే రాయి. ష్టైన్‌రైష్‌ని మొదటి ముక్క మీద మాత్రమే ఒత్తి పలికితే రాళ్ళెక్కువ ఉన్న నేల, రెండూ ఒత్తితే కోట్లకి పడగలెత్తినవాడు. బ్లూట్ అంటే రక్తం. బ్లూట్‌ఆర్మ్ ఒక్క ఒత్తుతో అంటే రక్తహీనత ఉన్న, రెండు ఒత్తులతో అంటే తిండికి లేనంత బీద. హాస్పిటల్లో పనిచేసేవాళ్ళు ఇది కాస్త చూసుకోండి.

ఇక సాధన. వెనక నుంచి కట్టుకుంటూ రావాలి. ఉద్యోగ ప్రకటనల్లో ఉండే రాక్షసి జొత్సియాల్‌ఫెర్‌జిషెరుంగ్స్‌ప్ఫ్లిష్టిష్ తీసుకుందాం, 28 అక్షరాలు. ముందు టిష్ అనండి. ప్ఫ్లిష్-టిష్. ఉంగ్స్ కనపడింది కాబట్టి అక్కడ పెద్ద గీత, రుంగ్స్ / ప్ఫ్లిష్-టిష్. జి-షె-రుంగ్స్ / ప్ఫ్లిష్-టిష్. ఫెర్-జి-షె-రుంగ్స్ / ప్ఫ్లిష్-టిష్. ఇప్పుడు ముందు జొ-త్సి-ఆల్ తగిలించండి, బరువు ఆల్ మీద. కాగితం మీద విరిస్తే తొమ్మిది సిలబుల్స్, మాటల్లో త్సి-ఆల్ కలిసిపోయి "త్సియాల్" అవుతుంది కాబట్టి ఎనిమిదే వినపడతాయి. ఇలా వెనక నుంచి ఎందుకంటే, ముందు నుంచి మొదలుపెడితే బాగా వచ్చిన భాగం ముందుంటుంది, రాని భాగం చివర ఉంటుంది, పోను పోను తడబాటు ఎక్కువవుతుంది. వెనక నుంచి కడితే పలికే కొద్దీ తెలిసిన ఇంట్లోకి వెళ్తున్నట్టు ఉంటుంది. అర్థం కూడా అదే వరసలో వస్తుంది: తప్పనిసరి, దేనికి తప్పనిసరి, ఇన్సూరెన్స్‌కి, ఏ ఇన్సూరెన్స్, సోషల్ ఇన్సూరెన్స్. అంటే జీతంలోంచి హెల్త్, పెన్షన్, నిరుద్యోగ బీమా లాంటివి కట్ అయ్యే మామూలు ఉద్యోగం. మినీజాబ్ అనేది వేరు, దానికి నెల జీతం మీద ఒక పరిమితి ఉంటుంది, 2025లో అది 556 యూరోలు.

నిర్మాణంలో ఇంకో కిటుకు కూడా ఈ పదంలో ఉంది. మూడు ముక్కలు ఉన్నప్పుడు ఎవరు ముందు కలిశారో చూసుకోవాలి. జొత్సియాల్ + ఫెర్‌జిషెరుంగ్ ముందు కలిసి ఒక పదం అయింది, ఆ జంటకి ప్ఫ్లిష్టిష్ తోడైంది. ఆర్బైట్స్‌ఉన్‌ఫేయిష్‌లో మాత్రం వెనక రెండూ ముందు కలిశాయి. పెద్ద గీత ఎక్కడ పడుతుందో కనిపెట్టడమే అసలు పని, చిన్న గీతలు తర్వాత చూసుకోవచ్చు. ఇంజినీరింగ్ వాళ్ళు గెష్విన్డిష్‌కైట్స్‌ఆప్‌హెంగిష్ మీద ప్రయత్నించి చూడండి, వేగాన్ని బట్టి మారేది అని. కైట్స్ దగ్గర పెద్ద గీత పడిందా? తర్వాత ఆప్‌లో బి ఎందుకు ప్ అయిందో, దాని ముందు గొంతు ఎందుకు తెగాలో మీకే తెలుస్తుంది.

మాటల్లో వాడేటప్పుడు వచ్చే ప్రత్యయాలు (ఇ, ఇ-ఎన్, ఇ-ఎస్ లాంటివి) పదం ఆఖరున ఒక్కచోటే తగులుతాయి, మధ్యలో దేన్నీ కదిలించవు. కానీ ఆఖరు సిలబుల్ మారిపోతుంది. ప్ఫ్లిష్-టిష్‌కి ఇ కలిస్తే ప్ఫ్లిష్-టి-గె. జి ఇప్పుడు సిలబుల్ మొదటికి వచ్చింది కాబట్టి గె అని వినపడుతుంది, అంతవరకు "ష్" లా ఉన్నది హఠాత్తుగా "గ" అయిపోతుంది. మొదట్లో నేను ఇవి రెండు వేర్వేరు పదాలేమో అనుకున్నా. దక్షిణ జర్మనీలో అయితే ప్రత్యయం లేకపోయినా "టిక్" అనేవాళ్ళు చాలామంది, అది తప్పేం కాదు, వాళ్ళ యాస.

రాసేటప్పుడు రెండు మూడు విషయాలు. మధ్యలో స్పేస్ ఇవ్వకండి, ఇంగ్లీషు అలవాటుతో ఉమ్‌వెల్ట్ ఒకటి, ఫ్రోయింట్‌లిష్ ఒకటి విడిగా రాస్తే జర్మన్లు దాన్ని డెప్పెన్‌లేర్‌త్సైషెన్ అంటారు, మొద్దుల స్పేస్ అని, వెక్కిరింతకి కూడా సమాసమే. హైఫన్ కొన్ని చోట్లే వస్తుంది, అంకె ముందుంటే (8 పక్కన గీత పెట్టి యేరిష్, ఎనిమిదేళ్ళ), యువీ లాంటి పొడి అక్షరాలు ముందుంటే, నలుపు తెలుపు లాంటి జంటలకి. లైను చివర విరవాల్సి వస్తే పెద్ద అతుకు దగ్గర విరిస్తే చదివేవాడు దణ్ణం పెడతాడు. ఒంటరి అచ్చుని లైను చివర వదిలేయకూడదు: సరిహద్దులు దాటే అనే అర్థం ఉన్న గ్రెంట్స్‌యూబర్‌ష్రైటెంట్‌ని గ్రెంట్స్ తర్వాత విరవొచ్చు, గ్రెంట్స్‌యూ దగ్గర కాదు. మూడు ఒకే అక్షరాలు కలిసినా దేన్నీ ఎగరగొట్టకండి, షాట్‌ష్టొఫ్‌ఫ్రై (హానికర పదార్థాలు లేని) లో మూడు ఎఫ్‌లు ఉంటాయి, రెండు ఎడమ ముక్కవి, ఒకటి కుడిది.

అనుమానం వస్తే డూడెన్ అనే డిక్షనరీ సైట్‌లో గానీ డీడబ్ల్యూడీఎస్ అనే ఇంకో డిక్షనరీ సైట్‌లో గానీ పదం కొట్టండి, రెండూ ఫ్రీ. వొర్ట్‌ట్రెన్నుంగ్ అనే చోట విరుపులన్నీ చూపిస్తారు. అయితే అక్కడ పెద్ద అతుకు, చిన్న విరుపు అన్నీ ఒకే రకం గీతలుగా ఉంటాయి, ఏది పెద్దదో మీరే చూసుకోవాలి. మరీ కొత్త సమాసం అయితే డిక్షనరీలో అసలు ఉండకపోవచ్చు, ఎవరో ఆ పూటకి కట్టి ఉంటారు. అప్పుడు తోక ఒక్కటీ విడిగా కొట్టండి, మిగిలింది ఇంకోసారి కొట్టండి, జిగురు ఎస్ తీసేసి.

ఇంకోటి, ఎక్కడైనా ఒక పదం చివర ఊరికే గీత వేలాడుతూ, పక్కన ఉంట్ (మరియు) అని ఉండి, తర్వాత పొడుగు విశేషణం ఉంటే కంగారు పడకండి. "త్సుకర్- ఉంట్ ఫెట్‌ఫ్రై" అంటే చక్కెర, కొవ్వు రెండూ లేనిది. ఇద్దరికీ తోక ఒకటే కాబట్టి ఒకసారే రాశారు, మొదటి దానికి గీత పెట్టి తర్వాత వస్తుంది ఆగు అన్నారు.